ఉప్పునీటి తొట్టిలో మైలుతుత్తం వద్దు

సంపాదకులకు,

అయ్యా,

ఇళ్లలో పెంచే సముద్రపు చేపల గురించి మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం ఆసక్తిగా చదివాను. చేప ఒంటిమీద తెల్ల మచ్చలు కనబడగానే అక్వేరియంలోనే రాగి మందు వేయమన్న సలహాను మాత్రం సవరించవలసి ఉంది. చెరువుల్లో నాచుకు మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్, అంటే రాగి మందే) కొట్టడం చూస్తూ పెరిగిన మన డెల్టా వాళ్లు దాన్ని వెంటనే పాటించేస్తారన్నదే నా భయం.

ఆ మచ్చలకు చాలాసార్లు కారణం క్రిప్టోకారియాన్ అనే ఏకకణ పరాన్నజీవి. అది చేప చర్మం, మొప్పల పైపొర కిందికి దూరి, 3 నుంచి 7 రోజులు తిని పెరిగి, తర్వాత రాలిపోయి ఇసుకలోనో రాళ్లమీదో గుల్ల కట్టుకుంటుంది. ఆ గుల్లలు సాధారణంగా 3 నుంచి 28 రోజుల్లో పగులుతాయి గానీ, కొన్ని 70 రోజులు దాకా ఆగుతాయి. వాటిలోంచి వచ్చే పిల్లలకు ఒకటి రెండు రోజుల్లో చేప దొరక్కపోతే చావు తప్పదు. మందుకు లొంగేది నీళ్లలో ఈదే ఈ పిల్ల దశ ఒక్కటే. మందు వేసిన నాలుగు రోజులకు మచ్చలు పోయాయని సంబరపడేవారు ఉన్నారు. వేయకపోయినా అవి ఆపాటికి రాలిపోయేవే.

పైగా రాగి పగడాలను, రొయ్యలను, నత్తలను చంపుతుంది; రాళ్లు, పగడపు ఇసుక దాన్ని పీల్చుకోవడం వల్ల నీటిలో మోతాదు నిలవదు. కాబట్టి చేపలన్నింటినీ ఇసుక లేని వేరే టబ్బులోకి మార్చి, దాక్కోవడానికి నాలుగు పీవీసీ పైపు ముక్కలు వేసి, వైద్యం అక్కడే చేయాలి. అసలు తొట్టిని దాదాపు 11 వారాలు చేపలు లేకుండా నడపాలి; పగడాలూ రొయ్యలూ అందులోనే ఉండవచ్చు.

టబ్బులో రాగి వాడితే టెస్ట్ కిట్‌తో కొలుస్తూ లీటరుకు 0.15 నుంచి 0.20 మిల్లీగ్రాముల మధ్య నిలపాలి. అది కుదరనివారు రెండు మూడు రోజుల్లో సెలినిటీని, అంటే నీటి ఉప్పదనాన్ని, మెల్లగా 12, 13 పీపీటీకి (వెయ్యి పాళ్ల నీటిలో 12, 13 పాళ్ల ఉప్పు) దించి, చివరి మచ్చ పోయాక కూడా కనీసం మూడు వారాలు అలాగే ఉంచవచ్చు. ఇందుకు కావలసిన, ఉప్పదనం కొలిచే రిఫ్రాక్టోమీటర్ మన వనామీ రొయ్యల రైతుల షెడ్లలో ఉండనే ఉంటుంది: అద్దం మీద ఒక చుక్క వేసి, మూత వాల్చి, వెలుతురు వైపు పెట్టి చూస్తే నీలం, తెలుపు కలిసే గీత దగ్గర అంకె కనిపిస్తుంది.

అయితే మచ్చలకు బదులు సన్నటి ధూళి పట్టినట్టు కనిపించి, చేప ఆయాసపడుతుంటే అది అమైలూడినియం అనే మరో ఏకకణ పరాన్నజీవి కావచ్చు. దానిమీద సెలినిటీ తగ్గించడం పనిచేయదు, రోజుల్లోనే చేపలన్నీ చచ్చి తొట్టి ఖాళీ కావచ్చు. చర్మాన్ని అంటుకునే పారదర్శకమైన పురుగులు వేరు. అదే వేడి, అదే పీహెచ్ ఉన్న మంచినీటిలో చేపను అయిదు నిమిషాలు ఉంచితే అవి తెల్లబడి నువ్వుల్లా అడుక్కు రాలతాయి. చర్మం లోపల ఉండే క్రిప్టోకారియాన్ మాత్రం ఆ స్నానానికి పోదు.

ఏది ఏదో తేల్చడానికి సూక్ష్మదర్శిని కావాలి. భీమవరం, అమలాపురం చుట్టుపక్కల రొయ్యల మొప్పలు పరీక్షించే ఆక్వా ల్యాబులు తగిన రుసుము తీసుకుని అక్వేరియం చేపల జిగురును కూడా చూసిపెడితే బాగుంటుంది. చచ్చిన చేపమీద ఈ జీవులు ఎంతోసేపు నిలవవు గనుక, ఆక్సిజన్ కవరులో బతికున్న చేపనే తెమ్మని ల్యాబులవారు ముందే చెప్పాలి.

భవదీయుడు,
ఒక పాఠకుడు,
భీమవరం