చింతగింజలు పారేయొద్దు

దేవరకొండ,
ఆదివారం మధ్యాహ్నం.

దోస్తూ,

నీ ఉత్తరం అంది పది రోజులైంది. ఫోన్‌లో చెబితే ఐదు నిమిషాల్లో అయిపోయేదే, కానీ ఇది రాసుకుంటే గానీ నాకే తెగేట్టు లేదు. నువ్వడిగింది ఒక్క ముక్క: బీఎడ్ ఎంట్రన్స్ ఎడ్‌సెట్‌లో సీటొస్తే మెథడాలజీ, అంటే పిల్లలకు చెప్పడం నేర్చుకునే సబ్జెక్టు, గణితమా, ఫిజికల్ సైన్సా అని. దానికి జవాబు ముందే ఇచ్చేస్తా. మిగతాదంతా నా సోది.

ఫిజికల్ సైన్స్ తీసుకో. టీచర్ అర్హత పరీక్ష టెట్ పేపర్ 2లో ఎటు పోయినా గణితం, సైన్సు కలిపి 60 మార్కులకు రాయాల్సిందే. తేడా వచ్చేది సర్కారు టీచర్ పోస్టులు నింపే డీఎస్సీలో. మ్యాథ్స్‌కు పోస్టులెక్కువని మీ బావ అన్నాడట. ఏ ఏడాది ఏ జిల్లాలో ఎన్ని ఖాళీలుంటాయో మీ బావకేం తెలుసు? హాస్టల్లో కరెంటు పోయిన రాత్రి పాడైన టార్చిలైటు విప్పి, సెల్లూ తీగా బల్బూ పరుపు మీద పరిచి జూనియర్లకు సర్క్యూట్ చెప్పావు చూడు, అది గుర్తు తెచ్చుకో. లెక్కలు నువ్వు చేస్తావు గానీ చెప్పలేవు. రెండో స్టెప్పు దాటేసి "అర్థమైంది కదా" అంటావు. అర్థం కాలేదని నీతో అనడానికి నాకు మూడేళ్ళు పట్టింది, ఇదిగో ఇప్పుడంటున్నా.

ఇక నా సంగతి. నేను డీఎడ్‌కు, అదే ప్రైమరీ టీచర్ల కోర్సుకు, పోతున్నా. అవును, బీఎడ్ చేతిలో పెట్టుకునే. నాన్న రెండు రోజులు మాట్లాడలేదు. మూడోరోజు, "అందరూ పైకి పోతుంటే నువ్వు ఒకటో తరగతికి దిగుతావేందిరా" అన్నాడు. ఊళ్ళో లెక్క అదే మరి. పదో తరగతికి చెబితే సారు, ఒకటో తరగతికి చెబితే పిల్లల్ని ఆడించేటోడు.

మొన్నటిదాకా నా లెక్కా అదే. ఇక్కడ ప్రైవేటు బడిలో తొమ్మిదో తరగతికి బహుపదులు చెబుతున్నా కదా, ఒకరోజు భాగహారం దగ్గర బండి ఆగిపోయింది. అది పక్కన పెట్టి 612ను 6తో భాగించమన్నా. ముప్పావు మంది 12 అని రాశారు. మధ్యలో సున్నా ఏదిరా అంటే ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. సున్నా మర్చిపోయారని కాదు, ఆరువందల పన్నెండు అంటే ఎంతో వాళ్ళ మనసులోనే లేదు. ఆ సున్నా రెండో తరగతిలోనో మూడో తరగతిలోనో పోయి ఉంటుంది, పుల్లలు పదేసి కట్టలు కట్టాల్సిన వయసులో. దాన్ని నేను ఇక్కడ కూర్చుని వెతకబోతే సిలబస్ అవ్వలేదని పైనుంచి టెన్షన్.

ఇంకోటి, నీకెప్పుడూ చెప్పలేదు, సిగ్గేసి. బీఎడ్ ఇంటర్న్‌షిప్‌లో ఉన్నప్పుడు మా హైస్కూలు ప్రహరీలోనే ప్రైమరీ బడి ఉండేది. అక్కడి టీచరమ్మ సెలవు పెడితే నన్ను ఒకటో తరగతిలో కూర్చోమన్నారు. సగం మంది తండా పిల్లలు, ఇంట్లో లంబాడీ మాట్లాడేవాళ్ళు. నల్లా బొమ్మ చూపించి ఇందులోంచి ఏమొస్తాయి అన్నా. ముందు కూర్చున్న బుడ్డోడు ఠక్కున "పాణి" అన్నాడు. నేను "కాదు, నీళ్ళు" అన్నా. అంతే, ఇంటి గంట కొట్టేదాకా వాడు నోరు తెరవలేదు. వాడింట్లో అమ్మ యాడి, నీళ్ళు పాణి. సరైన జవాబు చెబితే నేను కాదన్నా. నాలుగో తరగతి పిల్ల ఒకతి వచ్చి "సార్, వానికి తెలుగు ఇంకా రాదు" అని నాకు చెప్పాల్సి వచ్చింది.

మర్నాడు నేనే అడిగి పోయా. ఆ పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని రెండు మాటలూ కలిపి చెప్పా. చింతగింజలు పోసి పదేసి కుప్పలు పెట్టించా. నాలుగోరోజుకు వాడు నా జేబులో చెయ్యి పెట్టి గింజలు లాక్కుంటున్నాడు! బహుపదులు చెప్పినన్ని రోజుల్లో ఒక్కనాడూ అట్లా అనిపించలేదు రా.

బీఎడ్ ఉంది కదా, ప్రైమరీ టీచర్ పోస్టు ఎస్జీటీకి రాసెయ్యి అంటావేమో. 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు తీర్పుతో ఆ దారి మూసుకుపోయింది, ప్రైమరీకి డీఎడ్ ఉండాల్సిందే. అప్పుడు నేనూ తిట్టుకున్నా. ఇప్పుడు రెండేళ్ళు పోతున్నాయన్న బాధ ఉంది గానీ కోపం లేదు. ఆరేళ్ళ పిల్లకు అక్షరం ఎట్లా దిద్దించాలో బీఎడ్‌లో నాకెవరూ నేర్పలేదు మరి.

నాన్నకు ఈ కథలేవీ ఎక్కవు కాబట్టి అంకెలు చెప్పా: 2024 డీఎస్సీలో మొత్తం 11,062 పోస్టులైతే అందులో 6,508 ఎస్జీటీలే, హైస్కూల్లో చెప్పే స్కూల్ అసిస్టెంట్లు 2,629. కొంచెం మెత్తబడ్డాడు. పోటీ సంగతి ఎత్తలేదు, నువ్వూ ఎత్తకు.

భయం లేదని కాదు. తండా బడి అంటే ఒకరిద్దరు టీచర్లు, ఐదు తరగతులు. పత్తి ఏరే రోజుల్లో గది సగం ఖాళీ. వలస పోయే ఇళ్ళ పిల్లల గురించి పాలమూరోడివి, నీకు నేను చెప్పాలా? అంతమందినీ ఒకే గదిలో పెట్టుకుని మధ్యాహ్నానికే నా గొంతు పోతుందేమో. చూద్దాం.

వచ్చే నెల మహబూబ్‌నగర్ వస్తా. మీ అమ్మ చింతపండు కొట్టేటప్పుడు గింజలు పారేయొద్దని చెప్పు. ఒక సంచీ నిండా కావాలి.

నీ
దోస్త్