ప్రేక్షకులను తప్పుపట్టే ముందు నిర్వాహకులను అడగండి

సంపాదకులు గారికి నమస్కారం.

జనం గుమిగూడిన చోట తొక్కిసలాట జరిగి ప్రాణాలు పోయినప్పుడల్లా మన దగ్గర ఒకే మాట వినిపిస్తుంది. మనవాళ్లకు క్రమశిక్షణ లేదని, అభిమానం వెర్రితలలు వేస్తోందని, విదేశాల్లో జనం ఎంత బుద్ధిగా వరుసలో నిలబడతారో చూసి నేర్చుకోవాలని అంటారు. నేను గుంటూరు జిల్లా నుంచి చదువు కోసం వచ్చి దక్షిణ కొరియా రాజధాని సియోల్‌లో ఉంటున్నాను. కొరియన్ పాప్ సంగీతమంటే ప్రాణం. ఇక్కడి కాన్సర్టుల్లో వేల మంది మధ్య నిలబడి చూసినదానిగా, ఆ మాట సరికాదని చెప్పడానికే ఈ లేఖ రాస్తున్నాను.

సియోల్ ఒలింపిక్ పార్కులో కేఎస్‌పీఓ డోమ్ అనే ప్రాంగణం ఉంది. 1988 ఒలింపిక్స్‌లో జిమ్నాస్టిక్స్ పోటీలు జరిగిన ఈ భవనంలో సుమారు 15,000 మంది పడతారు. ఇక్కడి గాయక బృందాలకు ఈ వేదిక మీద పాడటం ఒక గౌరవం. నేను అభిమానించే స్ట్రే కిడ్స్ బృందం 2024 ఆగస్టులో తమ ప్రపంచ యాత్రను ఇక్కడి నుంచే మొదలుపెట్టింది. కాన్సర్ట్ ఉన్న రోజు మధ్యాహ్నానికే పార్కంతా అభిమానులతో నిండిపోతుంది. కొందరు తాము అచ్చు వేయించిన కార్డులను, స్టిక్కర్లను ముక్కూమొహం తెలియని వారికి ఉచితంగా పంచుతుంటారు. అభిమాన సంఘాలు గాయకుల పేరిట బియ్యం బస్తాలు విరాళంగా ఇచ్చి, ఆ బియ్యాన్ని పేదలకు చేరుస్తాయి. అభిమానులంటే చులకనగా రాసేవారు ఒకసారి వచ్చి చూడదగిన వాతావరణం అది.

నేను మీ పాఠకుల దృష్టికి తేవాలనుకున్నది మాత్రం లోపలికి వెళ్లే పద్ధతి. నిలబడి చూసే ఫ్లోర్ టికెట్ల మీద విభాగం పేరుతో పాటు ప్రవేశ సంఖ్య కూడా ఉంటుంది. ప్రాంగణం బయట నేల మీద, స్తంభాల మీద ఆ సంఖ్యలు అంటించి ఉంటాయి. ఎవరి సంఖ్య ఉన్న చోటికి వారు వెళ్లి నిలబడితే, సిబ్బంది ఒక్కొక్కరి టికెట్టూ గుర్తింపు పత్రమూ చూసి, మణికట్టుకు కాగితపు పట్టీ చుట్టి, చిన్న చిన్న గుంపులుగా లోపలికి నడిపిస్తారు. 340వ సంఖ్య ఉన్నవారు తెల్లవారుజామున వచ్చినా, చివరి నిమిషంలో పరుగెత్తుకొచ్చినా 339వ సంఖ్య తర్వాతే లోపలికి వెళ్తారు. తోసుకోవడం వల్ల దక్కేదేమీ లేనప్పుడు ఎవరూ తోసుకోరు. లోపల ఫ్లోరును కంచెలతో గళ్లుగా విడగొడతారు కాబట్టి వెనుకనున్న వారి బరువంతా ముందు వరుస మీద పడదు. అప్పటికీ ఒత్తిడి పెరిగితే పాటకూ పాటకూ మధ్య గాయకులే అందరినీ ఒక అడుగు వెనక్కి వేయమని అడుగుతారు, కంచె అవతలి సిబ్బంది కాగితపు కప్పుల్లో మంచినీళ్లు అందిస్తారు. కార్యక్రమం ముగిశాక ఏ విభాగం వారు ముందు కదలాలో మైకులో చెబుతారు, తమ వంతు వచ్చేదాకా మిగిలినవారు కూర్చునే ఉంటారు. రాత్రి పది దాటాక వేల మంది అమ్మాయిలు, వారిలో ఎందరో బడి పిల్లలు, మెట్రో ఎక్కి ఇళ్లకు చేరుకుంటారు.

ఇది కొరియన్ల పుట్టుకలో ఉన్న గుణమని అనుకునేవారికి ఈ భవనం చరిత్రే సమాధానం చెబుతుంది. 1992 ఫిబ్రవరిలో అమెరికన్ బృందం న్యూ కిడ్స్ ఆన్ ది బ్లాక్ ఇదే ప్రాంగణంలో పాడుతుండగా అభిమానులు ఒక్కసారిగా వేదిక వైపు దూసుకెళ్లారు. పదుల సంఖ్యలో గాయపడ్డారు, ఒక విద్యార్థిని మరణించింది. 2005 అక్టోబరులో సాంగ్జు పట్టణంలో ఒక టెలివిజన్ సంగీత కార్యక్రమం చిత్రీకరణకు ఉచిత ప్రవేశమని ప్రకటించారు. సీటు నంబర్లు లేవు. వేల మంది గంటల తరబడి బయట ఎదురుచూశాక తెరిచింది ఒకే ఒక్క ద్వారం. అక్కడ 11 మంది చనిపోయారు, వారిలో ఎక్కువ మంది వృద్ధులూ పిల్లలే. 2014 అక్టోబరు 17న సొంగ్నామ్ నగరంలోని పాన్‌గ్యోలో ఆరుబయట జరిగిన ఉచిత కాన్సర్టులో, సరిగా కనిపించడం లేదని కొందరు భూగర్భ పార్కింగ్ గాలిగొట్టం మీది ఇనుప జాలీపైకి ఎక్కారు. అది కూలి 16 మంది ప్రాణాలు కోల్పోయారు. ఆ జాలీ చుట్టూ ఒక కంచె వేసి, ఒక మనిషిని కాపలా పెట్టాల్సిన బాధ్యత ఎవరిదన్న ప్రశ్న ఆ తర్వాతే లేచింది.

నేడు నేను చూస్తున్న క్రమం ఆ చావుల తర్వాత ఒక్కొక్క నిబంధనగా వచ్చి చేరింది. వెయ్యి మందికి మించి వస్తారనుకునే ప్రదర్శనను ఆరుబయట పెట్టాలన్నా, నిర్వాహకులు ప్రమాద నివారణ ప్రణాళికను ముందుగానే స్థానిక ప్రభుత్వానికి సమర్పించాలి. ప్రదర్శనకు ముందు అత్యవసర ద్వారాలు ఎక్కడున్నాయో ప్రేక్షకులకు చెప్పాలి. ఆ నిబంధనలు వర్తించని చోట ఏమవుతుందో 2022 అక్టోబరు 29న సియోల్‌లోని ఇతేవాన్ ప్రాంతంలో తేలింది. హాలోవీన్ వేడుకల రాత్రి ఒక ఇరుకు సందులో జరిగిన తొక్కిసలాట 159 మంది ప్రాణాలు తీసింది. వారిలో అత్యధికులు యువతీ యువకులే. కాన్సర్టుల్లో అంత నెమ్మదిగా వరుస కట్టే తరమే అక్కడా ఉంది. కానీ ఆ వేడుకకు నిర్వాహకులంటూ ఎవరూ లేరు, అందుకే ప్రణాళిక వేయాల్సిన బాధ్యత తమది కాదని అందరూ అనుకున్నారు. జనం మారలేదు, ఏర్పాటే లోపించింది.

మన దగ్గరి ఘటనలను కూడా ఇలాగే చూడాలని నా విన్నపం. 2025 జనవరి 8న తిరుపతిలో వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల కోసం వచ్చిన ఆరుగురు భక్తులు చనిపోయారు. అదే ఏడాది జూన్ 4న బెంగళూరు చిన్నస్వామి స్టేడియం బయట 11 మంది క్రికెట్ అభిమానులు చనిపోయారు. భక్తులు వేరు, క్రీడాభిమానులు వేరు, పాటల అభిమానులు వేరు. అయినా సాంగ్జు, తిరుపతి, బెంగళూరు మూడు చోట్లా కనిపించేది ఒకటే: ఉచితమని తెలిసి లెక్కకు మించి వచ్చిన జనం, చేతిలో వరుస సంఖ్య లేకపోవడం, తెరిచీ తెరవని ద్వారాలు. ముందు వెళ్లినవారికే దక్కుతుందన్న భయం కలిగించి, ఆ తర్వాత ఎందుకు పరుగెత్తారని అడగడం న్యాయం కాదు.

టికెట్ల అమ్మకం కూడా భద్రతలో భాగమేనని ఇక్కడికి వచ్చాకే నాకు అర్థమైంది. పేరుతో ముడిపడిన టికెట్టు ఉంటే లోపలికి ఎవరు, ఎంత మంది వస్తారో నిర్వాహకులకు ముందే తెలుస్తుంది. ఆ నిబంధన కఠినమైనదే. పాస్‌పోర్టులో ఇంటిపేరు, అసలు పేరు కలిపి బారెడు పొడవుండే మన తెలుగువారికి ప్రవేశ ద్వారం దగ్గర ఒక్కొక్క అక్షరం సరిచూసుకునే ఆ రెండు నిమిషాలు గుండె దడదడలాడుతుంది. అయినా నేను దాన్ని సమర్థిస్తాను. కంప్యూటర్ ప్రోగ్రాములతో టికెట్లు మూకుమ్మడిగా కొని ఎక్కువ ధరకు అమ్మేవారికి 2024 మార్చి నుంచి ఏడాది వరకు జైలు లేదా కోటి వాన్ల (కొరియా కరెన్సీ) వరకు జరిమానా విధించేలా ఇక్కడ చట్టాన్ని సవరించారు. దళారులు పూర్తిగా పోలేదు, అది నిజమే. మన దగ్గర 2024 సెప్టెంబరులో బ్రిటిష్ బృందం కోల్డ్‌ప్లే ముంబై కాన్సర్టుల టికెట్లు అసలు ధరకు ఎన్నో రెట్లకు బహిరంగంగా అమ్ముడుపోయాయి. నకిలీ టికెట్టుతో వందలాది మంది ద్వారం దగ్గరికి వస్తే అక్కడ ఏం జరుగుతుందో ఊహించడం కష్టం కాదు.

హైదరాబాద్‌లో పెద్ద కాన్సర్టులు పెరుగుతున్నాయి. ఇటు కొరియన్ బృందాలను అభిమానించే తెలుగు పిల్లలు ఊరూరా ఉన్నారు. ఏదో ఒక రోజు ఆ బృందాల్లో ఒకటి మన నగరానికి వస్తుందని నేనూ ఆశపడుతున్నాను. ఆ రోజుకు ముందే తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వాలు కొన్ని నిబంధనలు చేయాలి. ఉచితమైనా సరే, పెద్ద కార్యక్రమానికి పేరూ వరుస సంఖ్యా ఉన్న పాసులే ఇవ్వాలి, వాటిని వేదిక దగ్గర పంచడం పూర్తిగా మానాలి. ఎన్ని ద్వారాలు, ఎంత మంది సిబ్బంది, ఎన్ని మంచినీటి కేంద్రాలు ఉంటాయో, రాత్రి ఎన్ని గంటల వరకు మెట్రో, బస్సులు నడుస్తాయో తెలిపే ప్రణాళిక లేనిదే అనుమతి ఇవ్వకూడదు. ఆ ప్రణాళిక పోలీసు ఫైళ్లలో ఉండిపోకుండా టికెట్టు కొనే ప్రతి ఒక్కరికీ కనిపించాలి. పిల్లను కాన్సర్టుకు పంపే తల్లిదండ్రులకు అది చదివి నిర్ణయించుకునే హక్కు ఉంది.

పత్రికలకూ ఇందులో పని ఉంది. మన నగరాల్లో పెద్ద కార్యక్రమం ప్రకటించిన ప్రతిసారీ, ఎవరొస్తున్నారు, టికెట్టు ధరెంత అన్న వార్తతో పాటు, ఎంత మందికి అనుమతి ఇచ్చారు, ఆ అనుమతిపై సంతకం చేసిన అధికారి ఎవరు, భద్రతకు బాధ్యత ఎవరిదన్న వివరాలు కూడా కార్యక్రమానికి ముందే ప్రచురించాలని మిమ్మల్ని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక తెలుగు విద్యార్థిని,
సియోల్