బ్యూరకాన్‌కు ఒక బస్సు వేయించండి

ఆర్మేనియా విద్య, విజ్ఞాన, సాంస్కృతిక, క్రీడా శాఖల మంత్రి గారికి,

నమస్కారం. నేను తెనాలి దగ్గర ఒక డిగ్రీ కాలేజీలో ముప్పై ఏళ్లు ఫిజిక్స్ చెప్పి రిటైరైనవాణ్ణి. మా అమ్మాయి మీ యెరెవాన్‌లో మెడిసిన్ నాలుగో సంవత్సరం చదువుతోంది. పోయిన వేసవిలో దాన్ని చూడ్డానికి వచ్చినప్పుడు, అది అద్దెకుంటున్న ఇంటి యజమానురాలు టీ ఇచ్చి, డబ్బాలో దాచుకున్న ఒక పాత 100 ద్రామ్‌ల నోటు తీసి చూపించారు. 1998 నాటి నోటు. ఒకవైపు ఒక పెద్దమనిషి, రెండోవైపు బ్యూరకాన్ అబ్జర్వేటరీ, అంటే నక్షత్రాలను పరిశీలించే కేంద్రం. "ఈయనెవరో తెలుసా?" అని సైగ చేశారు.

మా అమ్మాయికి తెలియదు. దాని స్నేహితులు ఐదుగురూ తెలుగు పిల్లలే, వాళ్లకూ తెలియదు. యెరెవాన్‌లో కరివేపాకు ఏ కొట్లో దొరుకుతుందో అడిగితే ఆరుగురూ ఒకేసారి చెబుతారు. తప్పు వాళ్లది కాదు. అడ్మిషన్ నాడు వాళ్ల చేతికిచ్చిన పుస్తకంలో ఫీజులు, హాస్టల్ నిబంధనలు, వీసా కాగితాలు తప్ప ఇంకేమీ లేవు.

నాకు తెలుసు. ఆయన ఖగోళ శాస్త్రవేత్త విక్టర్ అంబర్త్సుమియన్, మీ పలుకులో హంబర్జుమ్యాన్. ఎమ్మెస్సీలో నక్షత్రాల వాతావరణం గుండా కాంతి ఎలా వస్తుందో చదివేటప్పుడు మన ఖగోళ భౌతిక శాస్త్రవేత్త చంద్రశేఖర్ పక్కన ఈ పేరు వచ్చేది. నక్షత్రం పైపొర ఎంత కాంతిని తిప్పి పంపుతుందో లెక్కగట్టాలంటే లోపల పొరపొరనా చిక్కుబడ్డ సమీకరణాలు విప్పుకుంటూ పోవాలి. ఈయన ఆ దారి వదిలేసి ఒకే ప్రశ్న వేశారు: అంతులేని మందమున్న పొర మీద ఇంకో పలచని పొర పరిస్తే ఏమవుతుంది? ఏమీ కాదు. సముద్రంలో చెంబెడు నీళ్లు పోస్తే సముద్రం ఎంత మారుతుందో అంతే. ఆ "ఏమీ కాదు" నుంచే జవాబు రాబట్టారు. క్లాసులో ఈ మాట చెప్పినప్పుడల్లా వెనక బెంచీ వాళ్లు కూడా తలెత్తేవారు.

ఇది ఆయన తీరిగ్గా కూర్చుని చేసిన పని కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో లెనిన్‌గ్రాడ్ విశ్వవిద్యాలయం నుంచి కొందరిని తాతార్ ప్రాంతంలోని యెలాబుగా అనే చిన్న ఊరికి తరలించారు. అలా తరలివెళ్లిన విశ్వవిద్యాలయ శాఖ బాధ్యత మోస్తూనే అక్కడ చేసిన పని. దాని మీదే చంద్రశేఖర్ తర్వాత పెద్ద భవనం కట్టారు, పునాది ఎవరిదో కూడా చెప్పారు.

అంతకు ముందు సంగతి ఇంకా ముచ్చటగా ఉంటుంది. 1908లో తిఫ్లిస్‌లో, అంటే ఇప్పటి జార్జియా రాజధాని త్బిలిసిలో పుట్టారు. తండ్రి గ్రీకు కావ్యాలను ఆర్మేనియన్‌లోకి తెచ్చిన పండితుడు. 1929లో, ఇరవై ఒకటో ఏడు నిండీ నిండకుండానే, ఒక జర్మన్ భౌతికశాస్త్ర పత్రికలో చిన్న వ్యాసం రాశారు. వీణ తీగ తెలిస్తే స్వరాలు లెక్కగట్టడం మామూలు పని. స్వరాల వరుస మాత్రమే తెలిస్తే తీగ ఎలాంటిదో చెప్పగలమా? ఒక ప్రత్యేక సందర్భంలో చెప్పగలమని నిరూపించారు. దాదాపు పదిహేనేళ్లు ఎవరూ పట్టించుకోలేదు. ఖగోళ శాస్త్రవేత్త గణితం రాసి ఫిజిక్స్ పత్రికలో వేస్తే చదివేవాళ్లెవరుంటారని ఆయనే తర్వాత నవ్వుకున్నారు. ఈనాడు ఆ వ్యాసం నుంచి ఒక పెద్ద గణిత శాఖే నడుస్తోంది. 1930లో భౌతిక శాస్త్రవేత్త ఇవానెంకోతో కలిసి, రేడియోధార్మిక పరమాణువు నుంచి బీటా కిరణంగా బయటికొచ్చే ఎలక్ట్రాన్ కేంద్రకంలో ముందే కూర్చుని ఉండదు, ఆ క్షణంలోనే పుడుతుందన్నారు. అప్పటికి న్యూట్రాన్ ఇంకా దొరకలేదు.

ఇక బ్యూరకాన్. యుద్ధం కాగానే స్వదేశానికి వచ్చి, 1946లో అరగాత్స్ కొండ వాలు మీద, సుమారు 1,400 మీటర్ల ఎత్తున ఆ అబ్జర్వేటరీని మొదలుపెట్టారు. మరుసటి ఏడే, ఆకాశంలో వదులుగా గుంపుకట్టిన నక్షత్రాలను చూపి, ఇవి ఎక్కువ కాలం కలిసి ఉండలేవు, కాబట్టి ఇవి పసికూనలు అన్నారు. సూర్యుడి వయసు 460 కోట్ల ఏళ్లయితే వీటికి కోటి ఏళ్లు కూడా ఉండకపోవచ్చు. అంటే నక్షత్రాలు పుట్టడం ఎప్పుడో ముగిసిన కథ కాదు, ఇప్పటికీ పుడుతున్నాయి, అదీ గుంపులుగా. తర్వాత అదే కొండ మీద అక్కడి ఖగోళ శాస్త్రవేత్త మార్కరియన్ వెతికి పట్టుకున్న గెలాక్సీలు 1,500 పైచిలుకు. ఆ సర్వేకి 2011లో యునెస్కో ప్రపంచ స్మృతి జాబితాలో చోటు దక్కింది.

ఆయన్ను దేవుణ్ణి చేయమని అడగడం లేదు. దట్టమైన పదార్థం పగిలి నక్షత్రాలు పుడతాయని పట్టుబట్టారు, అది నిలవలేదు. గెలాక్సీల నడిబొడ్డున భారీ చర్య ఏదో జరుగుతోందని 1958లో బ్రస్సెల్స్‌లో చెప్పారు, అది నిలిచింది. తనతో కలిసి వ్యాసాలు రాసిన మిత్రుడు కోజిరెవ్‌ను స్టాలిన్ ప్రభుత్వం 1936లో జైల్లో వేసింది, కుర్రతనం నాటి స్నేహితుడు బ్రాన్‌స్టైన్‌ను 1938లో కాల్చి చంపారు. ఈయన బతికి, పదవులు, పతకాలు అందుకున్నారు. ఆ లెక్క కూడా పిల్లలకు చెప్పాల్సిందే. చివర్లో, 80 దాటాక, 1990లో ఆర్మేనియన్లు ఎక్కువగా ఉన్న కరబాఖ్ ప్రాంతం కోసం మాస్కోలో నిరాహార దీక్షకు కూర్చున్నారు. పొట్టి శ్రీరాములు గారి 58 రోజుల తర్వాత పుట్టిన రాష్ట్రం వాళ్లం, దీక్ష అంటే మాకు వేరే వివరించనక్కర్లేదు.

మా వైపు నుంచి ఇంకో చుట్టరికం ఉంది. అంబర్త్సుమియన్ 1961 నుంచి 64 దాకా అధ్యక్షులుగా ఉన్న అంతర్జాతీయ ఖగోళ సంఘానికి, 1979లో అధ్యక్షులైన వైను బప్పు గారు హైదరాబాద్‌లో పెరిగారు. తండ్రి నిజామియా అబ్జర్వేటరీ ఉద్యోగి.

నా విన్నపం చిన్నది. విదేశీ విద్యార్థులు చేరిన మొదటి ఏడాదిలోనే ఒక ఆదివారం వాళ్లను బ్యూరకాన్‌కు తీసుకెళ్లండి. నలభై కిలోమీటర్లు కూడా లేదు. ఆయన నివసించిన ఇల్లు అక్కడే మ్యూజియంగా ఉంది, సమాధీ అక్కడే. ఖర్చు ఒక బస్సు, ఒక గైడు, ఒక పూట భోజనం. డాక్టర్ కాబోయే పిల్లలకు నక్షత్రాలెందుకని ఎవరైనా అంటే, బయట పడ్డ లక్షణాన్ని బట్టి లోపలి సంగతి పసిగట్టడమే వీళ్లు నేర్చుకునే విద్య కూడా అని చెప్పండి. 1929 వ్యాసంలో ఉన్నది అదే కదా.

నోట్ల సంగతి మీ శాఖది కాదని తెలుసు. 100 ద్రామ్‌లు నాణెంగా మారిపోయాక ఆయన బొమ్మ జేబుల్లోంచి పోయింది. సెంట్రల్ బ్యాంకు వారితో ఎప్పుడైనా మాట కలిస్తే చెప్పి చూడండి.

మా అమ్మాయికి ఇంకా రెండేళ్ల చదువుంది. మొదటి బస్సులో ఒక సీటు ఉంచగలరు. వాళ్ల ఇంటి యజమానురాలికి కూడా ఒకటి. ఆ నోటు నలభై కిలోమీటర్ల దూరంలోనే దాచుకున్నారు గానీ, బ్యూరకాన్‌కు ఒక్కసారీ వెళ్లలేదట.

ఇట్లు,
తెనాలి నుంచి ఒక రిటైర్డ్ ఫిజిక్స్ లెక్చరర్