పరీక్ష మొదలయ్యే ముందే మౌస్‌ను పరీక్షించనివ్వాలి

సంపాదకులకు,

అయ్యా,

మన రాష్ట్రంలో ఇంజినీరింగ్, వ్యవసాయ, ఫార్మసీ కోర్సుల ప్రవేశ పరీక్ష 2018 నుంచి కంప్యూటర్ మీదే జరుగుతున్నది. ఇప్పుడు ఈఏపీసెట్ అంటున్న ఆ పరీక్షలో మూడు గంటల వ్యవధిలో 160 ప్రశ్నలకు జవాబులు గుర్తించాలి కనుక, ఒక్కో ప్రశ్నకు దక్కేది నిమిషానికి కాస్త పైన, అంతే. ఇంత బిగువైన సమయంలో విద్యార్థికి కలం లాంటిది మౌస్. దాన్ని ముందుగా పరీక్షించి చూసుకునే ఏర్పాటు ప్రతి కేంద్రంలోనూ ఉండాలని, గుంటూరు బ్రాడీపేటలో ఇంటర్ పిల్లలకు కంప్యూటర్ నేర్పుతున్న నేను మీ పత్రిక ద్వారా అధికారులను కోరుతున్నాను.

ఈ మధ్య మా విద్యార్థిని ఒకరు విజయవాడ శివార్లలోని ఒక కేంద్రంలో ఇలాంటి ఆన్‌లైన్ పరీక్ష రాసింది. ఆమెకిచ్చిన మౌస్ ఒకసారి నొక్కితే అప్పుడప్పుడు రెండుసార్లు నొక్కినట్లు లెక్క వేసుకునేది. ‘సేవ్ అండ్ నెక్స్ట్’ నొక్కగానే ఒక ప్రశ్న కనబడకుండానే దాటిపోయి దాని తర్వాతిది తెర మీదికి వచ్చేది. చేయెత్తి చెబితే ఇన్విజిలేటరు గారు “మెల్లగా నొక్కమ్మా, అదే సర్దుకుంటుంది” అని వెళ్లిపోయారట. దాటిపోయిన ప్రశ్నలను వెతుక్కుంటూ వెనక్కి వెళ్లడానికే ఆ అమ్మాయికి ఎంతో సమయం పోయింది. ఇది వేలి తప్పు కాదు. మౌస్ బటన్ కింద చిన్న స్విచ్ ఉంటుంది, అందులో పల్చటి లోహపు రేకు స్ప్రింగులా పనిచేస్తుంది. ఏళ్ల తరబడి వాడగా ఆ రేకు పట్టు సడలి, తాకే చోట అరిగి, ఒక్క నొక్కుకే తాకి, విడి, మళ్లీ తాకుతుంది. మెల్లగా నొక్కినా, కంప్యూటర్‌లో సెట్టింగులు మార్చినా ఆ అరుగుదల పోదు, మౌస్‌ను మార్చడమొక్కటే దారి. ఈ లోపాన్ని పట్టుకోవడం కూడా సులువే: ఏదైనా ఫోల్డర్ మీద ఒక్కో నొక్కు చొప్పున, మధ్యలో కాస్త ఆగుతూ, పది పదిహేనుసార్లు నొక్కి చూస్తే చాలు. ఒక్కసారైనా ఆ ఫోల్డర్ తెరుచుకుంటే ఆ మౌస్‌ను పక్కన పెట్టేయాలి.

అన్ని లోపాలూ ఇలా మార్చాల్సినవి కావు. బాణం గుర్తు గెంతుతున్నా, వణుకుతున్నా మొదట మౌస్‌ను తిరగేసి చూడాలి. అడుగున వెలుతురు వచ్చే రంధ్రంలో సెన్సర్ ఉంటుంది. అది కింది ఉపరితలాన్ని క్షణక్షణం ఫొటో తీసుకుంటూ కదలికను లెక్కగడుతుంది. అక్కడ ఒక్క వెంట్రుక ఇరుక్కున్నా, బల్ల మీద అద్దమో నిగనిగలాడే సన్‌మైకానో ఉన్నా ఆ లెక్క తప్పుతుంది. పొడిగుడ్డతో తుడిచి, కింద ఒక తెల్ల కాగితం పరిస్తే చాలామటుకు దారికి వస్తుంది. ఉన్నట్టుండి మౌస్ ఆగిపోతూ ఉంటే, తీగను మౌస్ దగ్గర కొద్దిగా వంచి చూస్తే లోపల తెగిందో లేదో తెలిసిపోతుంది. సీపీయూ ముందువైపు సాకెట్లు వదులైపోవడం మామూలే కనుక వెనుకవైపు సాకెట్‌కు మార్చి చూడటం కూడా మరువరాదు.

టైపింగ్ పరీక్షలు జరిగే చోట కీబోర్డుకూ ఇదే శ్రద్ధ కావాలి. భారతీయ భాషల కోసం రూపొందించిన ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు పద్ధతిలో తెలుగు కొట్టేవారికి ఒత్తు రావాలంటే ప్రతిసారీ ‘డి’ మీట నొక్కాలి. ఆ ఒక్క మీట సరిగా పడకపోతే ‘ప్రభుత్వం’ కాస్తా ‘పరభుతవం’ అయి కూర్చుంటుంది, అభ్యర్థికి తప్పుల మీద తప్పులు పడతాయి. ఇక మీటలన్నీ మొరాయించినట్లు కనిపించే సందర్భాల్లో చాలావరకు కీబోర్డు బాగానే ఉంటుంది. విండోస్‌లో కుడివైపు షిఫ్ట్‌ను ఎనిమిది సెకన్లు నొక్కి పట్టుకుంటే ‘ఫిల్టర్ కీస్’ అనే సదుపాయం పనిలోకి వచ్చి, వేగంగా కొట్టిన అక్షరాలను వదిలేస్తుంది. షిఫ్ట్‌ను వరుసగా ఐదుసార్లు కొడితే, షిఫ్ట్ లాంటి మీటను వదిలేసినా నొక్కి పట్టుకున్నట్లే లెక్క వేసుకునే ‘స్టికీ కీస్’ ఎదురవుతుంది. ఇవి తెలియని పర్యవేక్షకులు కీబోర్డు పాడైందని తేల్చేసి, కొత్తది తెప్పించే వరకు అభ్యర్థిని ఖాళీగా కూర్చోబెడతారు.

పల్లెల నుంచి వచ్చే పిల్లల్లో కొందరికి మౌస్ పట్టుకోవడమే కొత్త. లోపం యంత్రానిదో తమదో తేల్చుకోలేక, అడిగితే ఏమంటారోనన్న భయంతో, వాళ్లు నోరు మెదపరు. అందువల్ల పరీక్షకు ముందు నమూనా తెర మీద మౌస్‌ను నొక్కి, కదిపి చూసుకునేందుకు ప్రతి విద్యార్థికీ ఐదు నిమిషాలు ఇవ్వాలి. ప్రతి గదిలోనూ ముందే పరీక్షించిన మౌస్‌లు కొన్ని అదనంగా ఉంచాలి. వాటి ధర పరీక్ష నిర్వహణ ఖర్చులో ఏపాటిది? ఇన్విజిలేటర్లకు పైన చెప్పిన తనిఖీలు నేర్పడానికి ఒక పూట చాలు. మౌస్ మార్చమని అడగడం విద్యార్థి హక్కు అన్న మాటనూ, మార్చడానికి పట్టిన సమయాన్ని అతని గడియారానికి తిరిగి కలుపుతామన్న హామీనీ హాల్ టికెట్ సూచనల్లో తెలుగులో అచ్చు వేయించాలని ఉన్నత విద్యామండలి వారిని అభ్యర్థిస్తున్నాను.

ఇట్లు,
ఒక కంప్యూటర్ అధ్యాపకుడు,
బ్రాడీపేట, గుంటూరు