నా చేతికి మెగ్గర్ ఇచ్చినవారికి కృతజ్ఞతలు

కర్మాగారంలో పనిచేస్తూ పని నేర్చుకునే అప్రెంటిస్‌షిప్ పూర్తిచేశాను; ఎలక్ట్రీషియన్ ట్రేడులో జాతీయ అప్రెంటిస్‌షిప్ సర్టిఫికెట్ ఈ వారం నా చేతికి వచ్చింది. ఇది నేనొక్కదాన్నే సంపాదించుకున్నది కాదు. అందుకే ఇంతమంది ముందు కృతజ్ఞతలు చెప్పుకుంటున్నాను.

ముందుగా విశాఖపట్నం కంచరపాలెం ఐటీఐలో మాకు వైరింగ్, వైండింగ్ (మోటారులో తీగ చుట్టడం) నేర్పిన మేడమ్‌కు. రెండేళ్ల కోర్సు చదివిన అమ్మాయిలు సర్టిఫికెట్ బీరువాలో పెట్టి దుకాణాల్లో బిల్లులు రాసే పనికి వెళ్లిపోవడం ఆవిడ ఎంతోకాలంగా చూస్తున్నారు. అందుకే పరీక్షలకు ముందే మమ్మల్ని కూర్చోబెట్టి అప్రెంటిస్‌షిప్ పోర్టల్‌లో పేర్లు నమోదు చేయించారు. 30 మంది, అంతకుమించి సిబ్బంది ఉన్న సంస్థలు అప్రెంటిస్‌లను తీసుకోవడం తప్పనిసరి అని, దానికి 1961 నాటి చట్టం ఉందని ఆవిడ చెప్పాకే గేటు దగ్గర తలెత్తి నిలబడే ధైర్యం వచ్చింది.

అయినా మొదట వెళ్లినచోట "ఆడపిల్లలకు ఇక్కడ పని కష్టమమ్మా" అని తిప్పి పంపారు. మేడమ్ మర్నాడే ఇంకో కర్మాగారానికి ఫోను చేశారు.

అక్కడి మెయింటెనెన్స్ ఫోర్‌మన్ గారి రుణం తీర్చుకోలేనిది. అప్రెంటిస్ అంటే చాలాచోట్ల టార్చిలైటు పట్టుకుని పక్కన నిలబడే మనిషి. అమ్మాయి అయితే రిజిస్టరు రాయమంటారు. ఆయన మాత్రం మొదటి వారంలోనే నా చేతికి మెగ్గర్, అంటే ఇన్సులేషన్‌ను పరీక్షించే మీటరు ఇచ్చి, మోటారు తీగల మీది ఇన్సులేషన్ (కరెంటు బయటికి రాకుండా ఆపే పూత) ఎన్ని మెగాఓములుందో చూసి చెప్పమన్నారు. పరీక్ష అయ్యాక వైండింగ్‌ను ఎర్త్‌కు కలిపి, అందులో మిగిలిన చార్జి పోయేలా డిశ్చార్జి చేయడం మరిచిపోనివ్వలేదు. మెయిన్ ఆపడం, తాళం వేయడం, కరెంటు లేదని టెస్టర్‌తో నిర్ధారించుకోవడం, ఆ తర్వాతే చెయ్యి పెట్టడం: ఈ వరుసను రోజూ నా నోట చెప్పించేవారు. మోటారు మొదలయ్యేటప్పుడు ఎక్కువ కరెంటు లాగకుండా చూసే స్టార్-డెల్టా స్టార్టర్‌ను నేనే విప్పి బిగించాను. దానితో మోటారు స్టార్‌లో మొదలై డెల్టాలోకి మారినప్పుడు "ఇక నువ్వే చూసుకో" అని పక్క ప్యానెల్ దగ్గరికి వెళ్లిపోయారు. అంతకంటే పెద్ద మెప్పు నాకు ఎవరూ ఇవ్వలేదు.

క్యాంటీన్ అక్కకు ప్రత్యేకంగా దండం పెట్టాలి. మా షెడ్డుకు మహిళల మరుగుదొడ్డి చాలా దూరం. నేను నీళ్లు తాగడమే మానేశానని ఆమె కనిపెట్టి యూనియన్ నాయకుడి చెవిన వేసింది. ఆడవాళ్లకు వేరుగా, అందుబాటులో ఏర్పాటు ఉండాలని ఫ్యాక్టరీల చట్టం 1948లోనే చెప్పింది కదా అని ఆయన పట్టుబట్టి, షెడ్డు పక్క గదిని బాగుచేయించారు. స్టోర్స్ బాబాయి నా కాలికి సరిపోయే సేఫ్టీ బూట్లు తెప్పించారు. వదులు బూట్లతో నిచ్చెన ఎక్కడం ఎంత ప్రమాదమో ఎక్కినవారికే తెలుసు. అమ్మాయిలు ఈ పనుల్లో నిలవరని అనేవారు ముందు ఇలాంటివి చూడాలి.

ఇక నాన్న. తెలంగాణలో కోర్టుకు వెళ్లి, స్తంభం ఎక్కే పరీక్ష నెగ్గి, 2021లో విద్యుత్ లైన్ల పనిలో చేరిన బబ్బూరి శిరీష గారి వార్తను పేపర్లోంచి కత్తిరించి దాచారు. నన్ను ఐటీఐకి పంపవద్దన్న బంధువులందరికీ ఆ కాగితమే చూపించారు.

చిన్న వర్క్‌షాపులు నడిపే అన్నలకు ఒక మాట. 2016లో మొదలైన జాతీయ అప్రెంటిస్‌షిప్ ప్రోత్సాహక పథకం కింద స్టైపెండ్‌లో 25 శాతం, నెలకు 1,500 రూపాయలకు మించకుండా, కేంద్రం భరిస్తుంది. ఒక అమ్మాయికి చోటివ్వండి.

గణితం, సైన్సుతో పదో తరగతి పాసైన అమ్మాయి మీ ఇంట్లో ఉంటే ఎలక్ట్రీషియన్ ట్రేడుకు దరఖాస్తు చేయించండి. ఐటీఐల్లో 30 శాతం సీట్లు మహిళలవే. కంచరపాలెంలో కౌన్సెలింగ్‌కు తోడు కావాలంటే నాకు కబురు పెట్టండి, సెలవు పెట్టి వస్తాను.