ఇకమీదట టోపీ సైజు సెంటీమీటర్లలోనే

అనంతపురం టవర్ క్లాక్ దగ్గరున్న మా టోపీల అంగడికి వచ్చేవాళ్లకూ, వాట్సాప్‌లో ఆర్డర్ పెట్టేవాళ్లకూ ఒక మాట. ఈ నెల నుంచి 'ఎమ్ ఇవ్వన్నా, ఎల్ ఇవ్వన్నా' అంటే కుదరదు. తల కొలత సెంటీమీటర్లలో చెప్పండి. ఎమ్ అని ఒకరు 57కు వేస్తారు, ఇంకొకరు 58కి వేస్తారు. మధ్యలో మార్పిడికి తిరిగి తిరిగి విసుగొచ్చేది మీకూ మాకూ.

బెంగళూరు నుంచి తెచ్చే ఎక్స్‌పోర్ట్ సరుకుతో ఇంకో తంటా. వాటి మీద 7, 7¼ అని ఉంటుంది. 'ఏడు నంబరంటే చెప్పుల సైజా?' అని అడిగినవాళ్లున్నారు. అది తల చుట్టుకొలతను అంగుళాల్లో తీసుకొని 3.14తో భాగించి, దగ్గర్లోని ఎనిమిదో వంతుకు సర్దిన అంకె. అది అమెరికా లెక్క. అదే తలకు ఇంగ్లండు లెక్కలో అంకె దానికంటే ⅛ తక్కువ వస్తుంది. అందుకే 7¼ అని ఉన్న టోపీ అమెరికాదైతే 58 సెంటీమీటర్ల తలకు, ఇంగ్లండుదైతే 59కి పడుతుంది. ఒక్క సెంటీమీటరే కదా అనుకోవద్దు. బిగుతైతే సాయంత్రానికి తలనొప్పి, వదులైతే బండి మీద పోతుంటే టోపీ రోడ్డు పాలు. కాబట్టి ప్రతి టోపీనీ మేమే కొలిచి, లోపలి పట్టీ మీద మార్కర్‌తో సెంటీమీటర్లు రాశాం. లేబుల్ చూడొద్దు, మార్కర్ అంకె చూడండి.

ఇంట్లో కొలుచుకోవాలంటే దర్జీ టేపు కనుబొమల పైన వేలెడు ఎత్తులో పెట్టి, చెవుల పైనుంచి, వెనక తల ఉబ్బుగా ఉండేచోట చుట్టండి. బిగించి లాగొద్దు. టేపు లేకపోతే ఫోన్ చార్జర్ వైరు చుట్టి, దాన్ని స్కేలు మీద పెట్టండి. సాగే దారాలు వద్దు. జడ, ముడి వేసుకునేవాళ్లు అట్లనే వేసుకొని కొలవాలి.

కొలత సరిపోయినా కొన్ని తలలు ఒప్పుకోవు. ఇద్దరిదీ 58 అయినా ఒకరిది కోలగా, ఒకరిది గుండ్రంగా ఉంటుంది. కోల తలకు గుండ్రటి టోపీ పెడితే నుదుటి దగ్గర నొక్కుతుంది, పక్కల సందు కనిపిస్తుంది. అప్పుడు ఒక సైజు పెద్దది ఇచ్చి, పక్కల పట్టీ కింద సన్నటి ఫోమ్ ముక్క దోపుతాం. దానికి డబ్బులు తీసుకోం. (తలకు రుమాలు చుట్టుకునే మా పెద్దాయనకు ఈ గొడవే లేదు.)

ఉతికిన టోపీ, కొబ్బరినూనె మరక పడిన టోపీ వాపసు తీసుకోం. కాటన్‌వి మొదటి ఉతుకుకు కాస్త ముడుచుకుంటాయి, అది ముందే చెబుతున్నాం.

పిల్లలకు కొనేవాళ్లు 'రెండేళ్లు రావాల' అని మూడు సైజులు పెద్దది అడుగుతారు. ఒక్క సెంటీమీటరు పెద్దదిచ్చి ఫోమ్ పెడతాం, అంతకు మించి ఇవ్వం. క్యాచ్ పట్టడానికి తల ఎత్తే పిల్లోడికి టోపీ కళ్ల మీదికి జారితే బంతి పోయి మూతికి తగులుతుంది.