నలభై గొంతులు, నాలుగు మైకులు

సంపాదకులు గారికి నమస్కారం.

మొన్న ఆదివారం విశాఖలోని ఒక హాల్లో పాశ్చాత్య శాస్త్రీయ సంగీత కచేరీ జరిగింది. వయొలిన్లు, వాటికన్నా పెద్దవైన, మంద్రంగా మోగే చెల్లోలు, ట్రంపెట్లు, వాటి వెనక మూడు వరసల్లో నలభై మంది దాకా గాయకులు. కాలేజీ పిల్లలూ ఉన్నారు, రిటైరైనవాళ్లూ ఉన్నారు. మన ఊళ్లో ఇంత పెద్ద బృందం ఒక్క వేదిక మీదికి రావడం అరుదు. హాలు నిండిపోయింది. నిర్వాహకులను మెచ్చుకోవాల్సిందే.

బాధల్లా మైకుల గురించే. బీతోవెన్ తొమ్మిదో సింఫనీ (పెద్ద వాద్యబృందం కోసం రాసిన సుదీర్ఘ రచన) చివరి భాగంలో ఆనందగీతం వరసను మొదట చెల్లోలు, డబుల్ బేస్‌లే గుసగుసలాడినట్టు ఎత్తుకుంటాయి. తర్వాత వయొలిన్ కన్నా కాస్త పెద్దవైన వయోలాలు కలుస్తాయి, ఆపైన వయొలిన్లు, ఆ తర్వాత బృందం మొత్తం. గొంతులు వచ్చేది ఇంకా తర్వాతే. అలా ఒక్కో మెట్టూ ఎక్కడంలోనే ఉంది దాని అందమంతా. కానీ చెల్లోలు మెల్లగా మోగగానే సౌండ్ అబ్బాయి వినపడటం లేదనుకుని వాల్యూం పెంచేశాడు. అందరూ అందుకునేసరికి స్పీకర్లు కుయ్యిమన్నాయి. కోరస్‌లో మైకుల దగ్గర నిలబడ్డ నలుగురి గొంతులే వినిపించాయి, మిగతావాళ్ల నోళ్లు కదలడమే కనిపించింది. ఆ అబ్బాయిని అనడానికి లేదు, పెళ్లిళ్లలో చేసే పనే ఇక్కడా చేశాడు.

1824లో వియన్నాలో ఈ సింఫనీని మొదటిసారి వాయించినప్పుడు మైకులు లేవు. 1742లో డబ్లిన్‌లో హాండెల్ రాసిన బృందగాన రచన ‘మెస్సయ్య’ పాడినప్పుడూ లేవు. అంతమంది వాయించేదీ పాడేదీ హాలంతా వినపడాలనే కదా! మన హాళ్లను మాత్రం మైకు ఉంటుందిలే అన్న ధీమాతో కట్టారు. కింద తివాచీ, వేదిక వెనక బరువైన గుడ్డ తెరలు. శబ్దాన్ని సగం అవే మింగేస్తాయి. పైన ఏసీ హోరు సరేసరి.

మధ్యలో ముప్పావుగంట సన్మానాలు, శాలువాలు కూడా అయ్యాయి. వాటికి మైకు పెట్టుకోండి, నాకేం అభ్యంతరం లేదు.

వినేవాళ్లు లేరని ఎవరూ అనలేరు. నేవీ డేకి బీచ్ రోడ్డులో నేవీ బ్యాండ్ వాయిస్తే జనం నిలబడి వింటారు. క్రిస్మస్‌కు వన్‌టౌన్ చర్చిల్లో కోరస్‌లు పాడతారు. చిత్తూరులో పుట్టిన సంగీత దర్శకుడు ఎం.బి. శ్రీనివాసన్ మద్రాసులో కుర్రకారును కూడగట్టి, మన భాషల పాటలనే బృందగానంగా పాడించారు. విశాఖలోనూ ఆ పని జరగాలంటే ముందు గొంతు వినపడే చోటు కావాలి.

దీనికి కొత్త భవనమేమీ అక్కర్లేదు. నగరపాలక సంస్థ జీవీఎంసీ, నగరాభివృద్ధి సంస్థ వీఎంఆర్‌డీఏ తమ హాళ్లలో ఒక్కదానికైనా, కోరస్ వెనక నిలబెట్టే చెక్క పలకల తెర చేయించాలి. గొంతు వెనక్కి పోకుండా శ్రోతల వైపు మళ్లించేందుకు అది చాలు. కచేరీ ముందు రోజు సాయంత్రం హాలును రిహార్సల్‌కు అద్దె లేకుండా ఇవ్వాలి. ఏసీ ఆపి, మైకులు తీసేసి ఒక్కసారి పాడి చూస్తే, వెనక వరసకు ఎంత వినిపిస్తోందో నిర్వాహకులకే తెలుస్తుంది.

— ఒక శ్రోత, లాసన్స్ బే కాలనీ, విశాఖపట్నం